పద్దు నెంబరు 2205

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"జాతీయ సాంస్కృతిక విధానం – ప్రభుత్వ సహాయం" అనే అంశం మీద మాట్లాడమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, నెంబరు తప్పి నాకు వచ్చిందేమో అనుకున్నాను. నాకు పాట రాదు. పద్యం అందుకుంటే మా ఇంట్లోవాళ్ళు టీవీ శబ్దం పెంచుతారు. ముప్పైమూడేళ్ళు ఖజానా శాఖలో కూర్చుని బిల్లులు చూసినవాణ్ణి. ఆ మాటే ఆయనతో అన్నాను. "అందుకే గదండీ మిమ్మల్ని అడుగుతున్నది. కళల గొప్పతనం చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. డబ్బు ఏ దారిన వస్తుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్ళు కావాలి" అన్నారు. కాబట్టి కళల విషయంలో నేను తప్పు మాట్లాడితే మన్నించండి. పద్దుల విషయంలో తప్పు మాట్లాడితే మాత్రం వెంటనే లేచి అడగండి. నాకన్నా సీనియర్ అకౌంటెంట్లు ముందు వరుసలోనే నలుగురు కనిపిస్తున్నారు.

ప్రభుత్వం పెట్టే ప్రతి రూపాయికీ ఒక పద్దు ఉంటుంది. ఇంగ్లీషు అలవాటు కొద్దీ మనం హెడ్ ఆఫ్ అకౌంట్ అంటాం. నాలుగు అంకెల హెడ్లు వచ్చినప్పటి నుంచి బడులకు 2202, ఆటలకు 2204, మధ్యలో నుంచి చూస్తే కళలూ సంస్కృతికి 2205. దేశమంతటా ఇదే నెంబరు. ఢిల్లీలో అయినా, చిత్తూరులో అయినా సంస్కృతి అంటే 2205. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నా మనసులో కూడా సంస్కృతికి అర్థం అంతే. ఆ నెంబరుతో బిల్లు వస్తే సంస్కృతి, రాకపోతే కాదు.

ఇక కాగితం మీద మన దేశం చేసింది తక్కువేమీ కాదు. సంగీత నాటక అకాడమీ 1953లో, సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీ 1954లో మొదలైనాయి. అప్పటి విద్యామంత్రి మౌలానా ఆజాద్ గారి చలువ అందులో చాలా ఉంది. తరువాత ఆ అకాడమీలు ఎట్లా పనిచేస్తున్నాయో చూడమని 1964లో భాభా కమిటీ, 1970లో ఖోస్లా కమిటీ, 1988లో హక్సర్ కమిటీ వేశారు. హక్సర్ గారు 1990లో నివేదిక ఇచ్చారు. 1980ల నడుమ ఏడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు వచ్చాయి. మనది తంజావూరులోని దక్షిణ మండలం కింద. 1990ల మొదట్లో జాతీయ సాంస్కృతిక విధానం కోసం ఒక ముసాయిదా కూడా తయారైంది. చర్చలు జరిగాయి. విద్యకు జాతీయ విధానం ఉన్నట్టు, ఆరోగ్యానికి ఉన్నట్టు, సంస్కృతికి 'ఇదీ మా విధానం' అని ఆమోదించిన పత్రం మాత్రం వెలువడలేదు.

డబ్బు సంగతికి వస్తే, 2024-25 కేంద్ర బడ్జెట్‌లో సాంస్కృతిక శాఖకు కేటాయించింది సుమారు 3,260 కోట్లు. మొత్తం బడ్జెట్ 48 లక్షల కోట్లకు పైమాట. లెక్క వేసుకుంటే నూరు రూపాయలకు ఏడు పైసలు కూడా పూర్తిగా రాలేదు. ఆ ఏడు పైసల్లోనే పురావస్తు శాఖ, మ్యూజియములు, గ్రంథాలయాలు, అకాడమీలు అన్నీ బతకాలి. ఇది విని 'అయ్యో' అనవలసిందే. కానీ నేను చెప్పదలచింది తక్కువ డబ్బు గురించి కాదు. నాకు తెలిసినంతలో మన జిల్లాల్లో సంస్కృతిని నిజంగా కాపాడిన డబ్బు చాలాభాగం 2205లో నుంచి వచ్చింది కాదు. ఈ సంగతి నాకు రిటైరైన తరువాతగాని అర్థం కాలేదు.

శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకుందాం. మనలో సగంమంది ఇళ్ళలో ఒక కలంకారీ గుడ్డ అయినా ఉంటుంది. కూతురి పెళ్ళికి కొన్న చీరో, కొడుకు అమెరికాలో గోడకు తగిలించుకున్న చిత్రమో. పూర్వం ఇది గుళ్ళకోసం చేసిన పని. దేవుడి వెనుక కట్టే తెర మీద రామాయణమో భారతమో గళ్ళు గళ్ళుగా గీసి, కింద తెలుగు అక్షరాల్లో కథ రాసేవారు. గుళ్ళకూ జమీందార్లకూ ఆదరణ ఇచ్చే స్తోమత తగ్గింది. మిల్లు గుడ్డ వచ్చింది. రసాయన రంగులు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ పని తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు.

1952లో కేంద్ర ప్రభుత్వం అఖిల భారత హస్తకళల బోర్డు పెట్టి, కమలాదేవి చటోపాధ్యాయ గారికి అప్పజెప్పింది. ఆ తల్లి దేశమంతా తిరిగి, ఎక్కడ ఏ చేతిపని ఊపిరి బిగబట్టి ఉందో వెతికింది. ఆమె పూనికతో 1957-58 ప్రాంతంలో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి వంటి పాత చేతులను గురువులుగా కూర్చోబెట్టారు. పిల్లలకు నేర్పారు. ఆ లక్ష్మయ్యగారి కుమారుడు గురప్పశెట్టిగారికే 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు శ్రీకాళహస్తి వీధుల్లో వాకిట్లో గుడ్డ పరచుకుని కలం పట్టిన ఆడవాళ్ళను చూస్తున్నామంటే, దాని వేరు ఆ చిన్న బడిలో ఉంది.

ఆ బడిలో ప్రభుత్వం చేసింది ఏమిటని చూస్తే మూడు పనులు. నేర్పేవాడికి నెలనెలా డబ్బు. నేర్చుకునే కుర్రవాడికి కొద్దిపాటి ఉపకార వేతనం, అంటే ఆ కుర్రవాడు కూలికి పోకుండా కూర్చునేటంత. తయారైన గుడ్డకు కొనేవాడు. శాలువా లేదు, మైకు లేదు. ట్రెజరీలో బిల్లులు చూసిన కంటికి ఇది ఎంత సాదా ఖర్చో తెలుస్తుంది. ఒక మేష్టరు జీతం, కొన్ని స్టైపెండ్లు, కొంత ముడిసరుకు. ఏటా అదే బిల్లు. ఎవరి కంటికీ ఆనదు. ఇందులో ఇంకో వింత ఉంది. హస్తకళలు లెక్కల్లో సంస్కృతి కిందికి రావు. గ్రామీణ, చిన్నతరహా పరిశ్రమల పద్దు కింద వస్తాయి, 2851లో. అంటే సంస్కృతికి ఇంత మేలు చేసిన ఖర్చును, నా నెంబర్ల ప్రకారం, నేను సంస్కృతి అని ఏనాడూ అనుకోలేదు.

కలంకారీ పని చూశారా మీరు? నేను రిటైరైన తరువాత ఒక పూట కూర్చుని చూశాను. గాడా గుడ్డను కరక్కాయ కషాయంలోనూ బర్రెపాలలోనూ ముంచి ఎండబెడతారు. పాలు లేకపోతే రంగు గుడ్డ మీద పారిపోతుందట. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిమి అవుతుంది. వెదురు పుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి దారం కట్టి, ఆ కసిమిలో ముంచి గీత గీస్తారు. కరక్కాయ ఉన్న గుడ్డకు కసిమి తగిలితే నల్లగా తేలుతుంది. ఎర్రరంగు రావలసినచోట పటిక నీళ్ళు పూసి, వేరు చెక్కతో ఉడకబెడతారు. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. ప్రతి రంగుకూ నడుమ గుడ్డను ఉతకాలి. తొట్టిలో కాదు, పారే నీళ్ళలో. నిలవ నీళ్ళలో ఉతికితే పటిక పక్కకు పాకి, ఎరుపు ఉండకూడని చోట ఎరుపు అంటుతుంది.

ఆ పారే నీళ్ళు స్వర్ణముఖి. ఈ కళ ఆ ఏటి ఒడ్డునే ఎందుకు పుట్టిందో ఇంకెవరినీ అడగనక్కరలేదు. అదే స్వర్ణముఖి ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. వాన పడ్డ వారం తప్ప మిగతా రోజుల్లో బావులూ బోర్లూ వెతుక్కుని ఉతుక్కోవలసిందే. నాకు అక్కడ పని చూపించిన పెద్దాయన ఒక మాట అన్నాడు: "అవార్డులు ఇచ్చినారు సార్, సంతోషం. ఏట్లో నీళ్ళు ఇస్తే ఇంకా సంతోషం." ఏటి నీళ్ళు నీటిపారుదల పద్దులో ఉంటాయి. ఇసుక గనుల శాఖది. కలంకారీ పరిశ్రమల శాఖది. అవార్డు జౌళి శాఖది. సంస్కృతి శాఖ వీటిలో దేంట్లోనూ లేదు. ఆ పెద్దాయన అర్జీ పెట్టుకోవాలంటే ఏ ఆఫీసు మెట్లెక్కాలి? ముప్పైమూడేళ్ళ సర్వీసు ఉన్న నేనే చెప్పలేకపోయాను.

నా దృష్టిలో జాతీయ సాంస్కృతిక విధానం అనేది అవసరమైతే, దీనికోసమే అవసరం. వేదాలు మొదలుకొని జానపదాల వరకూ పేర్లు ఏకరువు పెట్టే పీఠికకోసం కాదు. ఒక కళ బతకడానికి ఏయే పద్దులు కలవాలో చెప్పి, కలవకపోతే అడిగే అధికారం ఒకరికి ఇవ్వడానికి. అడిగేవాళ్ళు తగ్గిపోతున్న కాలంలో ఉన్నాం. కమలాదేవిగారు నడిపిన ఆ హస్తకళల బోర్డును 2020 ఆగస్టు 3న రద్దు చేశారు. చివరి రోజుల్లో అది సలహా సంఘంగానే మిగిలిందని, హస్తకళల అభివృద్ధి కమిషనర్ ఆఫీసు యథాతథంగా పనిచేస్తున్నదని అన్నారు. అది నిజమే. ఆఫీసు ఉంది, పథకాలూ ఉన్నాయి. కానీ బోర్డులో చేతిపనివాళ్ళకు ఒక కుర్చీ ఉండేది. ఆఫీసులో కుర్చీ ఎవరిదో మనకు తెలుసు గదా, మనమే కూర్చున్నాం ఇన్నాళ్ళూ.

2005-06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచి పని. కానీ ఈ పొద్దు తిరుపతి బజార్లో 'కలంకారీ' అని అమ్మే గుడ్డల్లో ఎక్కువ భాగం ఎక్కడో స్క్రీన్ మీద అచ్చు వేసినవే. పది రోజులు కలం పట్టిన చీరకూ, పది నిముషాల్లో అచ్చు దిగిన చీరకూ పేరు ఒకటే. ధర చూసి కొనేవాళ్ళం మనమే కాబట్టి ఇందులో ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే అనడానికి నోరు రాదు. మా ఇంట్లోనూ ఒకటి ఉంది, అచ్చుదే. నేనే కొన్నాను.

ఇక్కడ ఒకాయన, "తిరుపతిలో ఉండి దేవస్థానం పేరెత్తకపోతే ఎట్లా?" అన్నట్టు చూస్తున్నారు. ఎత్తుతాను. దేవస్థానం డబ్బు భక్తులది, సర్కారుది కాదు. అయితే పాలకమండలిని వేసేది ప్రభుత్వమే కాబట్టి దీన్ని పూర్తిగా వేరు చేసి చూడలేం. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కి కొండమీద సంకీర్తన భండారంలో ఎన్నో వందల ఏళ్ళు ఉన్నాయి. గుడి ఉంది, పూజ ఉంది, రేకులు ఉన్నాయి. పాట మాత్రం లేదు. 1920లలో ఆ రేకులు వెలుగులోకి వచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, 1950లో వేటూరివారు పోయాక మన రాయలసీమ బిడ్డ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ రేకుల ముందు కూర్చున్నారు. ఒక్కొక్క అక్షరం చదివి, ఎత్తిరాసి, పరిష్కరించి అచ్చు వేయించారు. రాళ్ళపల్లివారు కొన్నిటికి స్వరాలు కట్టారు. వేల కీర్తనలు. అన్నమాచార్య ప్రాజెక్టు వచ్చింది 1978లో. కేసెట్లు, ఆ తరువాత ఇంటింటా పొద్దున్నే పాట. మనకు కనిపించేది 1978 తరువాతి సంగతి. దాని ముందున్న యాభై ఏళ్ళూ ఎవరో ఒక పండితుడికి నెల జీతం ఇచ్చి ఒక గదిలో కూర్చోబెట్టిన ఖర్చు ఉంది. "ఈ ఏడాది ఎన్ని పేజీలయ్యాయి?" అని మరీ గట్టిగా అడగకుండా ఊరుకున్న ఓపిక ఉంది. శ్రీకాళహస్తి బడికీ ఈ గదికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

దీనికి ఎదురు మాట ఒకటి ఉంది, అదీ చెప్పాలి. "సర్కారు వేలు పెడితే కళ చెడిపోతుంది" అంటారు. అందులో కొంత నిజం ఉంది. మన రాష్ట్రంలో 1957లో పెట్టిన అకాడమీలను 1983లో ఒక్క కలంపోటుతో రద్దు చేశారు. 1985 డిసెంబరులో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి ఆ పనులు దానికి అప్పగించారు. రద్దు మంచిదా చెడ్డదా అని అప్పట్లో పత్రికల్లో చాలా రాశారు. ఆ తగాదాలోకి నేను పోను. ఇచ్చేవాడు మారితే తీసేస్తాడు అన్నది మాత్రం ఆనాడే రుజువైంది. అలాగే మన ఊళ్ళోనే 2012 డిసెంబరు 27 నుంచి మూడు రోజులు నాలుగవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు వచ్చి ప్రారంభించారు. నేను మూడు రోజులూ పోయాను. ఊరంతా తెలుగు బోర్డులు చూసి ఆనందించాను, మంచి ఉపన్యాసాలు విన్నాను. ముప్పయ్యో తేదీన పందిళ్ళు విప్పుతుంటే, ఈ మొత్తంలో ఎంతమంది వీధినాటకం మేష్టర్లకు ఎన్నేళ్ళ జీతమో అని పాత అలవాటు కొద్దీ మనసులోనే లెక్కవేశాను. పండుగ వద్దని కాదు. పండుగ ఖర్చుకు ఫోటో ఉంటుంది, మేష్టరు జీతానికి ఉండదు. అంతే తేడా.

సర్కారు లేకుండా బతికిన కళ లేదా అంటే ఉంది. మన చిత్తూరు పల్లెల భారతం. తెలియని పట్నం పిల్లలు ఎవరైనా వచ్చి ఉంటే వాళ్ళకోసం చెబుతాను. ధర్మరాజుల గుడి దగ్గర ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. మధ్యలో ఒకరోజు అర్జునుడి తపస్సు. ఎత్తయిన మాను పాతి, వేషగాడు పద్యాలు పాడుకుంటూ పైదాకా ఎక్కుతాడు. పైనుంచి విసిరే పండ్లకోసం బిడ్డలు లేని ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని కింద కాచుకుని ఉంటారు. చివరి రోజు పొద్దున మిట్టమీద మట్టితో పెద్ద దుర్యోధనుడిని పడుకోబెడతారు. భీముడూ దుర్యోధనుడూ దానిచుట్టూ తిరిగి తిరిగి యుద్ధం చేస్తారు. దుర్యోధనుడు పడతాడు. సాయంత్రం గుండం తొక్కుతారు. ఇంత జరగడానికి బడ్జెట్‌లో ఒక్క పైసా లేదు. ఊరి చందా, ఉభయదార్ల కట్టుబాటు. కాబట్టి ఊరు మోయగలిగినదాన్ని ఊరికే వదలాలి. దానికి కమిటీలు వేసి ఈవో గారిని పెట్టనక్కరలేదు.

కానీ ఊరు భారతాన్ని మోస్తుందిగాని, ముసలివాడైన వేషగాణ్ణి మోయదు. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. చూసినదే కాదు, చేసిన సంగతి కూడా. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించుకుని వచ్చాను.

1988 ప్రాంతం. జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో సబ్ ట్రెజరీలో అకౌంటెంటుగా ఉన్నాను. ఊరి పేరు చెప్పను. ఒక వీధినాటకం కళాకారుడికి పేద కళాకారుల కింద నెలకు కొద్దిపాటి సాయం మంజూరైంది. మనిషి ఆరడుగులు, గొంతు గంట. నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల ఏ భారతం జరిగినా దుర్యోధనుడు ఆయనే. మొదటి బిల్లు నా దగ్గరికి వచ్చింది. మంజూరు ఉత్తర్వులో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. ఒకటి తండ్రి పెట్టింది, ఒకటి నాటకం వాళ్ళు పిలిచేది. నేను అబ్జెక్షన్ రాసి తిప్పి పంపాను. అది సరిచేసుకుని మళ్ళీ వచ్చింది. ఈసారి జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం జతపరచలేదు. మళ్ళీ తిప్పాను. రూలు ప్రకారం నాది తప్పు కాదు. ఇక్కడున్న ఏ అకౌంటెంటు అయినా అదే చేసి ఉంటాడు.

ఆ రోజు ఆయన స్వయంగా కౌంటరు దగ్గరికి వచ్చాడు. కోపం లేదు. నవ్వుతూనే అన్నాడు: "సారూ, ఏటా పద్దెనిమిదో దినం సచ్చేది నేనే. ఊరంతా చూస్తా ఉంటారు. మళ్ళా బతికుండానని కాగితం తెచ్చేదీ నేనేనా?" ఆఫీసులో అందరమూ నవ్వాం. నేనూ నవ్వాను. గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించుకుని రమ్మని చెప్పాను. ఆ ఊళ్ళో గెజిటెడ్ ఆఫీసరు ఉన్నది ఇద్దరు, వాళ్ళు దొరికేది ఎప్పుడో మీకు తెలుసు. ఆయన కాగితం తెచ్చేటప్పటికి మార్చి 31 సాయంత్రం. కౌంటరు ముందు జనం తిరునాళ్ళు. టోకెన్లు అయిపోయాయి. మార్చి ఆఖరు హడావిడి ఎరిగినవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. బడ్జెట్ ల్యాప్స్ అయింది. కొత్త సంవత్సరంలో మళ్ళీ ఉత్తర్వు రావాలి.

ఆ ఎండాకాలం భారతం ఆఖరి రోజు నేను కుటుంబంతో చూడబోయాను. ఆయనే దుర్యోధనుడు. అరవై ఐదేళ్ళ మనిషి మట్టిబొమ్మ చుట్టూ ఆ ఎండలో పరుగెత్తుతున్నాడు. జనంలో నన్ను గుర్తుపట్టి, గద ఎత్తి చూపి నవ్వాడు. మరుసటి ఏడాది ఇంకెవరో వేశారు.

కొత్త ఉత్తర్వు వచ్చింది. బిల్లుతోబాటు ఆయన భార్య వచ్చింది. మనకైతే మనం పోయాక ఫ్యామిలీ పింఛను ఉంటుంది. దానికి లేదు. పోయేదాకా రావలసిన ఎరియర్స్ మాత్రమే ఇవ్వాలి. ఆ బిల్లు నేను ఆ పూటే పాస్ చేయించి, బ్యాంకుదాకా వెంట పోయి ఇప్పించాను. ఆమె డబ్బు లెక్కపెట్టుకోకుండా కొంగున ముడివేసుకుని, "ఇదంతా ఆయన కాలంలోనే వచ్చుంటే మందులకైనా అయ్యుండు" అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత బాగుండేదేమో.

జపాన్‌లో 1950లో ఒక చట్టం చేశారు. గుళ్ళనూ విగ్రహాలనూ కాపాడినట్టే, మనిషి చేతిలో ఉన్న విద్యను కూడా జాతి సంపదగా లెక్కవేసే చట్టం. అట్లా గుర్తింపు పొందిన మనిషికి ఏటా ఇరవై లక్షల యెన్‌లు ఇస్తారు. ఊరికే కాదు, శిష్యులను తయారుచేయడానికి. ఆయన తరువాత ఆ విద్య ఉండాలని. కొరియా కూడా 1962లో అటువంటి చట్టమే తెచ్చింది. మన దేశంలోనూ కేంద్ర సాంస్కృతిక శాఖకు గురుశిష్య పరంపర పథకం ఉంది. 1961 నుంచీ పేద కళాకారులకు సాయం చేసే పథకం ఉంది. అరవై ఏళ్ళు దాటినవారికి ఇప్పుడు నెలకు గరిష్ఠంగా ఆరు వేలు. రాష్ట్రంలో డప్పు కళాకారులకు 2024 జులై నుంచి నాలుగు వేల పింఛను, సచివాలయం వాళ్ళు ఒకటో తేదీన ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. నా సర్వీసులో ఇటువంటిది కలలో కూడా ఊహించలేదు. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకుందాం. అయినా ముసలికాలంలో ఇచ్చే పింఛనుకూ, చేతిలో సత్తువ ఉండగా శిష్యుణ్ణి పెట్టి ఇచ్చే జీతానికీ తేడా ఉంది. మొదటిది మనిషికి, రెండోది విద్యకు. మా దుర్యోధనుడికి రెండూ అందలేదు. ఆయన పద్యాలు నోటిమాటగా ఎవరికి ఎన్ని వచ్చాయో నాకు తెలియదు.

ఈ నెలలో మన సంఘం తరఫున మహజరు ఒకటి పంపుదామని కార్యదర్శిగారు అంటున్నారు. డి.ఎ. బకాయిల మహజరుతోబాటు ఇదీ పోవాలని నా మనవి. అందులో పెద్ద పెద్ద మాటలు వద్దు. శ్రీకాళహస్తిలో గుడ్డ ఉతుక్కోవడానికి ఏడాది పొడుగునా పారే నీటి వసతి ఒకటి. వీధినాటకం, తోలుబొమ్మలాట నేర్పే మేష్టర్లకు ఒక్కొక్కరికీ ఇద్దరు శిష్యులతో నెల జీతం. అది ఏ పద్దులో అయినా సరే, మార్చి 31తో ల్యాప్స్ కాని ఏర్పాటు.

ఇంకో సంగతి. ఆ కేంద్ర పథకం దరఖాస్తు ఫారాలు ఇరవై తెచ్చాను, నా సంచిలో ఉన్నాయి. మీ మీ ఊళ్ళలో అరవై దాటిన హరిదాసులు, వేషగాళ్ళు, డప్పు వాయించేవాళ్ళు ఉంటారు. వాళ్ళచేత నింపించాలి. ఆధార్ కార్డులో ఒక పేరు, నాటకం కరపత్రంలో ఇంకో పేరు ఉంటుంది, మొదట అది చూడండి. ఇద్దరూ ఒకరేనని ధ్రువపత్రం ముందే తీసి జతపరచండి. సంతకానికి గెజిటెడ్ ఆఫీసరుగా రిటైరైనవారు పనికిరారు, సర్వీసులో ఉన్నవారే కావాలి. మీ అబ్బాయిలూ అమ్మాయిలూ ఎవరైనా ఆ హోదాలో ఉంటే పేర్లు నాకు ఇవ్వండి. టీ అయిన తరువాత ఆ మూల బల్ల దగ్గర కూర్చుని ఉంటాను.